సన్నబడితే లెక్క మారుతుందా?

సంక్రాంతి దాటిన రోజుల్లో మీరెప్పుడైనా గుంటూరు నుంచి ఒంగోలు వైపు బస్సులో వెళ్ళారా? నల్లరేగడి పొలాల నడుమ ఒకపక్క ఎర్రగా ఆరబోసిన మిర్చి కల్లాలు, ఇంకొకపక్క ఏరుడు పూర్తికావచ్చిన పత్తిచేలు కనిపిస్తాయి. ఈసారి వెళ్ళినప్పుడు చేలోకి దిగి రెండు వస్తువులు తెచ్చుకోండి. ఒకటి ఎండిన పత్తికట్టె. రెండోది పగిలిన కాయలోని కాస్త దూది.

పత్తికట్టెను రెండు చేతులతో పట్టుకుని వంచి చూడండి. గట్టిగా ఎదురు తిరుగుతుంది. ఇంకా వంచితే ఫెళ్ళున విరుగుతుంది. ఇప్పుడు దూదిలోంచి ఒకే ఒక్క పోగును లాగి వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా ఊదండి. ఆ ఊపిరికే వంగిపోతుంది.

కట్టె ఎందుకు బిరుసుగా ఉంది? పోగు ఎందుకు అంత మెత్తగా ఉంది? "కట్టె లావు, పోగు సన్నం. అంతేగా!" అంటారు మీరు. సరైన జవాబే. అయితే ఆ జవాబు వెనకాలే మరో ప్రశ్న నక్కి ఉంది. సన్నబడితే వస్తువు ఒక్కటే మారుతుందా? లేక అది దేనితో తయారైందో ఆ పదార్థం స్వభావం కూడా మారుతుందా? ఈ చిన్న ప్రశ్న వెనక వంద సంవత్సరాలకు పైబడిన కథ ఉంది. ఆ కథలో మన తెలుగువాడొకరికి కూడా మంచి చోటే దక్కింది.

ముందు ఒక ప్రయోగం

ఒక సన్నటి ప్లాస్టిక్ స్కేలు తీసుకోండి. దాన్ని బల్ల అంచున ఉంచి, 24 సెంటీమీటర్లు గాలిలోకి పొడుచుకు వచ్చేలా చేయండి. బల్లమీద మిగిలిన భాగంపై బరువైన పుస్తకాలు పెట్టండి. స్కేలు చివర దారంతో చిన్న సంచి కట్టి అందులో ఒకటి రెండు నాణేలు వేయండి. కొస ఎంత కిందికి దిగిందో పక్కన మరో స్కేలు నిలబెట్టి కొలవండి. ఇప్పుడు మొదటి స్కేలును లోపలికి జరిపి, 12 సెంటీమీటర్లు మాత్రమే బయట ఉంచి అవే నాణేలతో మళ్ళీ కొలవండి.

పొడవు సగమైంది కాబట్టి కొస దిగడం కూడా సగమవుతుందని అనుకుంటున్నారా? కాదు. దాదాపు ఎనిమిదో వంతు అవుతుంది. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. అంటే వంగడం పొడవు ఘనాన్ని బట్టి మారుతుంది. మందం విషయమూ అంతే. మందం రెట్టింపు చేస్తే బిరుసు ఎనిమిది రెట్లవుతుంది. స్కేలును పడుకోబెట్టినప్పుడు సులభంగా వంగి, అంచుమీద నిలబెట్టినప్పుడు మొండికేయడానికి కారణం ఇదే.

గుండ్రటి కడ్డీ సంగతి ఇంకా చిత్రం. పొడవు మార్చకుండా వ్యాసం పదో వంతుకు తగ్గిస్తే బిరుసు పదివేలవ వంతుకు పడిపోతుంది. పత్తికట్టె వ్యాసం 15 మిల్లీమీటర్లు అనుకుందాం. పత్తిపోగు వెడల్పు సుమారు 15 మైక్రోమీటర్లు. మైక్రోమీటరు అంటే మీటరులో పదిలక్షలవ వంతు. కట్టెకన్నా పోగు వెయ్యి రెట్లు సన్నం. రెండూ ఒకే పదార్థంతో, ఒకే పొడవుతో చేసినవైతే పోగు బిరుసు కట్టె బిరుసులో లక్షకోట్లవ వంతు ఉంటుంది! ఊపిరికి వంగిపోవడంలో ఆశ్చర్యం లేదు కదా.

ఇదంతా ఆకారం చేసే పని. ఆకారాన్ని లెక్కలోంచి తీసివేస్తే మిగిలేది పదార్థం సొంత గుణం. దాన్నే యంగ్ గుణకం అంటారు. రాబర్ట్ హుక్ 1678లో సాగుదలకూ బలానికీ ఉన్న సంబంధాన్ని ప్రకటించాడు. థామస్ యంగ్ 1807లో ఈ గుణకం ఊహను ముందుకు తెచ్చాడు. పంతొమ్మిదో శతాబ్దంలో కోషీ మొదలైనవారు దాన్ని పూర్తి సిద్ధాంతంగా మలిచారు. వంతెనలు, రైలుపట్టాలు, నాగార్జునసాగర్ వంటి ఆనకట్టల లెక్కలన్నీ ఈ స్థితిస్థాపకతా సిద్ధాంతం మీదే ఆధారపడ్డాయి.

ఆ సిద్ధాంతం చెప్పే మాట ఒకటే: ఉక్కు గుణకం ఉక్కుదే. దూలంగా ఉన్నా, గుండుసూదిగా ఉన్నా అది మారదు.

నిజంగా మారదా?

వెంట్రుకలాంటి పట్టీలు

మన గుంటూరు పక్కనే లాం అనే ఊరుంది. పత్తి, మిర్చి వంగడాలకు పేరుపడ్డ వ్యవసాయ పరిశోధన కేంద్రం అక్కడే ఉంది. ఆ ఊరితో ఏ సంబంధమూ లేకపోయినా పేరు మాత్రం కలిసిన లామ్ అనే శాస్త్రవేత్త హాంకాంగ్ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయంలో తన సహచరులతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. ఫలితాలు 2003లో వెలువడ్డాయి.

ఆయన చేసింది మీరు బల్ల అంచున చేసిన ప్రయోగమే! స్కేలుకు బదులు ఎపాక్సీ పట్టీలు వాడాడు. రెండు గొట్టాల్లోని జిగురును కలిపి విరిగిన వస్తువులు అతికిస్తాం చూడండి, ఎపాక్సీ ఆ జాతి పదార్థం. నాణేల సంచికి బదులు అతి సున్నితమైన సూదిమొన యంత్రంతో పట్టీలను నొక్కాడు. పట్టీల మందం 115 మైక్రోమీటర్ల నుంచి 20 మైక్రోమీటర్ల దాకా ఉంది. మీ తలవెంట్రుక మందం కూడా ఇంచుమించు ఈ హద్దుల్లోనే ఉంటుంది.

పొడవు, వెడల్పు, మందాల తేడాలను లెక్కకట్టి తీసివేస్తే అన్ని పట్టీలకూ ఒకే అంకె రావాలి. పాత సిద్ధాంతం చెప్పేది అదే. కాని అలా రాలేదు. పట్టీ సన్నబడేకొద్దీ అంకె పెరిగింది. 20 మైక్రోమీటర్ల పట్టీ, పాత లెక్క ప్రకారం ఉండవలసినదానికన్నా సుమారు 2.4 రెట్లు బిరుసుగా తేలింది!

ఈ ఫలితాలకు సరిపోయే సూత్రం చాలా సులభం. 24ను పట్టీ మందంతో, అంటే మైక్రోమీటర్లలో ఉన్న మందంతో, భాగించండి. వచ్చినదాన్ని వర్గం చేసి 1 కలపండి. పాత లెక్కకన్నా పట్టీ ఎన్ని రెట్లు బిరుసో వస్తుంది. మీరే వేసి చూడండి.

మందం 20 అయితే 2.44 రెట్లు.
మందం 38 అయితే 1.40 రెట్లు.
మందం 75 అయితే 1.10 రెట్లు.
మందం 115 అయితే 1.04 రెట్లు.
మందం 1000, అంటే ఒక మిల్లీమీటరు అయితే 1.0006 రెట్లు.

చివరి అంకె చూశారా? ఒక మిల్లీమీటరు పట్టీలో తేడా పదివేలలో ఆరు వంతులే. ఆ తేడాను బల్ల అంచు ప్రయోగంలో ఎవరు పట్టుకోగలరు? అందుకే వంతెనలు కట్టిన ఇంజనీర్లకు దీనితో పని పడలేదు. పాత సిద్ధాంతం తప్పు కాదు. దానికి ఒక సరిహద్దు ఉంది, అంతే.

పొడవు తెలియని సిద్ధాంతం

ఆ సరిహద్దు ఎక్కడో పాత సిద్ధాంతం తనంతట తాను ఎందుకు చెప్పలేకపోయింది? ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. భౌతికశాస్త్రంలో చాలా అందమైన వాదాల్లో ఇది ఒకటి.

పాత సిద్ధాంతంలో మామూలు ఘనపదార్థాన్ని వర్ణించడానికి రెండే అంకెలు చాలు. మొదటిది యంగ్ గుణకం. దాని ప్రమాణం న్యూటన్లు బై చదరపు మీటరు. రెండోది పాయిసన్ నిష్పత్తి. ఒక కడ్డీని సాగదీస్తే అడ్డంగా ఎంత సన్నబడుతుందో అది చెబుతుంది. నిష్పత్తి కాబట్టి దానికి ప్రమాణమే లేదు.

ఇప్పుడు ఈ రెండింటినీ కూడండి, గుణించండి, భాగించండి, వర్గమూలం తీయండి. ఏం చేసినా వాటినుంచి 'ఇన్ని మీటర్లు' అనే జవాబు రప్పించగలరా? రప్పించలేరు. న్యూటన్లను వదిలించుకునే దారే లేదు.

అంటే ఆ సిద్ధాంతంలో పొడవు అనే కొలబద్ద ఎక్కడా లేదన్నమాట. కొలబద్ద లేనివాడికి ఏది చిన్నదో, ఏది పెద్దదో ఎలా తెలుస్తుంది? 'చిన్నది' అనాలంటే దేనికన్నా చిన్నదో చెప్పాలి కదా. కాబట్టి సన్నటి పట్టీల ప్రవర్తన చెప్పే సిద్ధాంతం ఏదైనా సరే, పదార్థానికి సొంతమైన ఒక పొడవును వెంట తెచ్చుకోవాలి. మనం వాడిన 24 మైక్రోమీటర్లు అటువంటిదే.

ఆ పొడవు ఎక్కడినుంచి వస్తుంది?

కల్లం దగ్గరికి వెళితే

బస్సు కిటికీలోంచి చూసినప్పుడు మిర్చికల్లం ఎర్రటి తివాచీలా కనిపించింది. ఎక్కడా ఎడం లేదు, గీత లేదు. దగ్గరికి వెళితే? ఒక్కొక్క కాయ, తొడిమ, కాయల మధ్య సందులు కనిపిస్తాయి. ఎకరం కల్లం గురించి మాట్లాడేటప్పుడు కాయలను మరిచిపోవచ్చు. చేతిరుమాలంత చోటు గురించి మాట్లాడేటప్పుడు మరిచిపోవడం కుదరదు. 'ఇక్కడ ఎనిమిది కాయలున్నాయి, ఒకటి అడ్డంగా పడి ఉంది' అని చెప్పవలసిందే.

పదార్థాలూ అంతే. పాత సిద్ధాంతం వాటిని బస్సులోంచి చూసింది. అతుకు లేని ఏకఖండంగా భావించింది. కాని లోహంలో స్ఫటిక రేణువులు ఉంటాయి. ఎపాక్సీలో చిక్కుపడ్డ పొడవాటి అణువుల గొలుసులు ఉంటాయి. ఎముకలో సూక్ష్మమైన గొట్టాలవంటి నిర్మాణాలు ఉంటాయి. వస్తువు పరిమాణం ఈ లోపలి నిర్మాణం పరిమాణానికి దగ్గరపడితే 'కాయలు' లెక్కలోకి వస్తాయి.

పాత సిద్ధాంతం మరిచిన ఇంకొక సంగతి ఉంది. యార్డులో దొంతర పెట్టిన మిర్చి టిక్కీలను ఊహించుకోండి. మీరు దొంతరను నెడితే ఒక టిక్కీ పక్క టిక్కీని నెట్టడమే కాదు, దాన్ని కాస్త తిప్పుతుంది కూడా. పాత సిద్ధాంతంలో పదార్థపు తునకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, లాక్కుంటాయి, రాచుకుంటాయి. అంతే తప్ప ఒకదాన్నొకటి మెలిపెట్టవు.

ఫ్రాన్సుకు చెందిన కొస్సెరా సోదరులు ఈ లోటును గుర్తించారు. తమ్ముడు యూజీన్ గణితవేత్త, అన్న ఫ్రాన్స్వా ఇంజనీరు. తునకలు మెలిపెట్టుకోవడాన్ని కూడా చేర్చి 1909లో వారు ఒక గ్రంథం ప్రకటించారు. అంతకుముందు 1887లోనే జర్మనీలో ఫోక్ట్ ఈ ఊహకు బీజం వేశాడు. అయితే అప్పట్లో దీన్ని పరీక్షించే సాధనాలూ లేవు, దీనితో పనీ లేదు. సుమారు యాభై ఏళ్ళు ఆ గ్రంథం దుమ్ము పట్టింది. 1960ల మొదట్లో టూపిన్, మిండ్లిన్, టియర్‌స్టెన్, కోయ్‌టర్ వంటివారు దాన్ని మళ్ళీ బయటికి తీశారు. 2002లో హాంకాంగ్ బృందమే దాన్ని ఒకే ఒక్క కొత్త పొడవు సరిపోయేలా సులభతరం చేసింది. 1980ల తొలినాళ్ళలో అమెరికాలో రోడరిక్ లేక్స్ మనిషి ఎముక నుంచి తీసిన కడ్డీలను మెలితిప్పి చూస్తే, సన్నటివి పాత లెక్కకన్నా బిరుసుగా తేలాయి. మన ఒంట్లోనే సాక్ష్యం ఉందన్నమాట!

లాగితే లేదు, మెలితిప్పితే ఉంది

సన్నబడ్డంత మాత్రాన బిరుసు ఎందుకు పెరగాలి? ఒక పట్టీని వంచండి. పై పొర సాగుతుంది, కింది పొర నొక్కుకుపోతుంది. నడుమ ఎక్కడో సాగనీ నొక్కుకోనీ పొర ఒకటి ఉంటుంది. పై అంచున సాగుదల నూటికి ఒకటి, కింది అంచున నొక్కుడు నూటికి ఒకటి అనుకుందాం. పట్టీ మందం ఒక మిల్లీమీటరైతే ఈ మార్పు వెయ్యి మైక్రోమీటర్ల దూరంలో నింపాదిగా జరుగుతుంది. మందం 20 మైక్రోమీటర్లే అయితే? అదే మార్పు 20 మైక్రోమీటర్లలో జరిగిపోవాలి. అంటే యాభై రెట్లు వేగంగా!

చెరువుగట్టు ఎక్కడం వేరు, అంతే ఎత్తున్న నిచ్చెన ఎక్కడం వేరు. ఎక్కే ఎత్తు ఒకటే, వాలు వేరు. పాత సిద్ధాంతం ఎత్తును మాత్రమే చూసింది. కొత్త సిద్ధాంతాలు వాలును కూడా చూస్తాయి. ఈ వాలుకే వికృతి ప్రవణత అని పేరు. పక్కపక్క తునకల సాగుదలలో తేడా ఎక్కువైతే అవి ఒకదాన్నొకటి ఎక్కువగా మెలిపెట్టుకుంటాయి. దానికి అదనపు శక్తి కావాలి. ఆ అదనపు శక్తే మనకు అదనపు బిరుసుగా కనిపిస్తుంది.

ఈ వాదాన్ని పరీక్షించే దారి కూడా ఉంది. ఒక తీగను నిలువునా లాగితే అన్నిచోట్లా ఒకేలా సాగుతుంది. వాలు లేదు. కాబట్టి సన్నదనం ప్రభావం కనిపించకూడదు. అదే తీగను మెలితిప్పితే నడుమ భాగం కదలదు, అంచులు బాగా కదులుతాయి. వాలు ఉంది. ప్రభావం కనిపించాలి. 1994లో ఫ్లెక్, ముల్లర్, ఆష్‌బీ, హచిన్‌సన్ అనే నలుగురు రాగితీగలతో ఈ పని చేశారు. తీగల వ్యాసం 170 నుంచి 12 మైక్రోమీటర్ల దాకా ఉంది. లాగినప్పుడు సన్న తీగకూ లావు తీగకూ పెద్ద తేడా లేదు. మెలితిప్పినప్పుడు మాత్రం అతి సన్నటి తీగ, పరిమాణం తేడా తీసివేశాక, సుమారు మూడు రెట్లు బలం చూపింది. ఇది తీగ తిరిగి యథాస్థితికి రాని శాశ్వతమైన మెలి గురించిన ప్రయోగం. స్థితిస్థాపకతకు నేరుగా చెందింది కాదు. అయినా వాలుకు విలువ ఉందని అందరికీ కళ్ళు తెరిపించింది.

యార్డులో ధర లాంటి బలం

ఇంతలో మరొక శాస్త్రవేత్త పూర్తిగా వేరే దారి పట్టాడు. ఆయన టర్కీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన జెమాల్ ఎరింగెన్.

గుంటూరు యార్డులో ఈ రోజు మిర్చి ధర ఎంత? అది ఇవాళ గుంటూరుకు వచ్చిన సరుకును బట్టే తేలుతుందా? కాదు. ఖమ్మంలో ఎంత పలికింది, వరంగల్లులో ఎంత పలికింది, కర్ణాటకలోని బ్యాడగిలో సరుకెలా ఉంది, ఇవన్నీ ఆ ధరలో కలుస్తాయి. ప్రతిబలం కూడా అటువంటిదే అన్నాడు ఎరింగెన్. ఒక బిందువు దగ్గర ప్రతిబలం ఆ బిందువు దగ్గరి సాగుదలను బట్టే ఉండదు. చుట్టుపక్కల బిందువుల సాగుదలను బట్టి కూడా ఉంటుంది. దగ్గరివాటి ప్రభావం ఎక్కువ, దూరం వాటిది తక్కువ. 1972లో మొదలుపెట్టి 1983 నాటికి ఆయన దీన్ని లెక్కలకు అనువుగా తీర్చాడు. దీన్ని స్థానికేతర సిద్ధాంతం అంటారు.

ఇది ఒక పాత చిక్కును కూడా విప్పింది. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలు విచ్చడం మీరు చూసే ఉంటారు. ఆ నెర్రె కొసను గమనించండి. పాత సిద్ధాంతం ప్రకారం పగులు కొసన ప్రతిబలం అనంతం! అది నిజమైతే చిన్న పగులున్న ఏ వస్తువైనా ముట్టుకోగానే విడిపోవాలి. ఎరింగెన్ లెక్కలో చుట్టుపక్కల బిందువులు ఆ భారాన్ని పంచుకుంటాయి. అనంతం పోయి మామూలు అంకె వస్తుంది.

ఈ కథలో మన తెలుగువాడు ప్రవేశించేది ఇక్కడే. జునుతుల నరసింహారెడ్డి 1945లో వరంగల్లులో పుట్టారు. అదీ పత్తికీ మిర్చికీ పేరుపడ్డ చోటే. 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు పట్టా పొంది అమెరికా వెళ్ళారు. 1974లో అలబామా విశ్వవిద్యాలయం హంట్స్‌విల్ శాఖలో డాక్టరేటు పొందారు. 1992లో టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో చేరారు. ప్రపంచమంతటా ఇంజనీరింగు విద్యార్థులు ఆయన్ను జె.ఎన్. రెడ్డిగా, ఆయన పాఠ్యగ్రంథాల ద్వారా ఎరుగుదురు. యంత్రశాస్త్రంలో గొప్ప గౌరవమైన టిమొషెంకో పతకం 2019లో ఆయనకు లభించింది.

ఎరింగెన్ ఊహ ప్రకారం సన్నటి దూలాలు ఎంత వంగుతాయి, ఎంత బరువుకు ఒరిగిపోతాయి, ఎంత వేగంగా కంపిస్తాయి అన్నవన్నీ రెడ్డి 2007లో ఒకేచోట లెక్కకట్టి చూపించారు. 2008లో మా, గావ్ అనే ఇద్దరితో కలిసి మెలిపెట్టే సిద్ధాంతంతోనూ దూలాల లెక్క కట్టారు.

అప్పుడు ఒక విచిత్రం ఎదురైంది. మెలిపెట్టే సిద్ధాంతం, ప్రవణత సిద్ధాంతం 'సన్నబడితే వస్తువు గట్టిపడుతుంది' అంటాయి. ఎరింగెన్ సిద్ధాంతం 'మెత్తబడుతుంది' అంటుంది! ఒకటి తూర్పు, ఒకటి పడమర. దీనికి తోడు ఇంకో తిరకాసు. స్కేలు కొసన సంచి వేలాడదీసిన మీ ప్రయోగానికి ఎరింగెన్ సులభ సూత్రాన్ని వాడితే మెత్తబడడమూ లేదు, గట్టిపడడమూ లేదు. అసలు తేడాయే రాదని 2003లో బయటపడింది. ఇదెలా సాధ్యం?

తిరకాసు సిద్ధాంతంలో లేదు, సులభ సూత్రంలో ఉంది. అసలు ఊహను సులభం చేసేటప్పుడు దూలం కొసల దగ్గరి నియమాలు జారిపోయాయి. ఎరింగెన్ మొదటి రూపాన్నే పట్టుకుని లెక్కవేస్తే తేడా తప్పకుండా వస్తుందని 2016లో స్పెయిన్ శాస్త్రవేత్తలతో కలిసి రెడ్డి చూపించారు. ఇక తూర్పు పడమరల తగాదా? 2015లో లిమ్, జాంగ్, రెడ్డి ఆ రెండు సిద్ధాంతాలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. అందులో రెండు పొడవులుంటాయి. ఒకటి గట్టిపరిచేది, రెండోది మెత్తబరిచేది. ఏ పదార్థంలో ఏది పైచేయి అవుతుందో ప్రయోగమే చెప్పాలి.

బయటి వరస టిక్కీలు

ఇంకా చిన్నవాటి లోకానికి వెళితే మరొక కారణం జతపడుతుంది. పొడవుకు పది, వెడల్పుకు పది, ఎత్తుకు పది చొప్పున మిర్చి టిక్కీలు దొంతర పెట్టారనుకోండి. మొత్తం వెయ్యి. వీటిలో నాలుగువైపులా, పైనా కిందా బయటి వరసలో ఉన్నవి ఎన్ని? లోపల దాగినవి ఎనిమిది ఇంటూ ఎనిమిది ఇంటూ ఎనిమిది, అంటే 512. మిగిలిన 488 బయటివే. దాదాపు సగం! అదే వైపుకు వంద చొప్పున పదిలక్షల టిక్కీలు పెడితే బయటివి 58,808 మాత్రమే. నూటికి ఆరు కూడా లేవు.

వస్తువు చిన్నదయ్యేకొద్దీ ఉపరితలం వాటా పెరుగుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది కదా. ఉపరితలం మీది పరమాణువుకు ఒకపక్క పొరుగువారుండరు. అందువల్ల దాని బంధాలు లోపలివాటిలా ఉండవు. ఉపరితలానికి వేరే స్థితిస్థాపకతను లెక్కగట్టే పద్ధతిని 1975లో గర్టిన్, మర్డాక్ రూపొందించారు. జింక్ ఆక్సైడ్ నానోతీగల వ్యాసం సుమారు 120 నానోమీటర్లకన్నా తగ్గితే యంగ్ గుణకం చెప్పుకోదగ్గంత పెరుగుతుందని 2006లో ప్రయోగాలు చూపాయి. నానోమీటరు అంటే మైక్రోమీటరులో వెయ్యోవంతు.

ఇదంతా తెలిసి ఏం లాభం?

ఫోనును అడ్డంగా తిప్పితే బొమ్మ కూడా అడ్డం తిరుగుతుంది. లోపల సన్నటి సిలికాన్ స్ప్రింగులకు వేలాడే చిన్న సిలికాన్ దిమ్మ ఉంటుంది. అది కదిలిన తీరును బట్టి ఫోనుకు తన వాలు తెలుస్తుంది. పరమాణువుల ఆకృతిని తడిమి చూసే సూక్ష్మదర్శినిలోనూ సన్నటి పట్టీ ఒకటి స్కేలులా వంగుతూ ఉంటుంది. ఆ పట్టీ బిరుసును తప్పుగా లెక్కిస్తే అది కొలిచిన ప్రతి బలమూ తప్పే.

అలాగని ప్రతిదానికీ కొత్త సిద్ధాంతాన్ని తగిలించడమూ పొరపాటే. క్రమబద్ధమైన స్ఫటికాల్లో ఈ సొంత పొడవు పరమాణువుల మధ్య దూరమంత చిన్నదిగా తేలుతుంది. సిలికాన్ స్ఫటికంలో పరమాణువుల అమరిక 0.543 నానోమీటరుకు ఒకసారి పునరావృతమవుతుంది. అలాంటప్పుడు మైక్రోమీటర్ల మందమున్న సిలికాన్ పట్టీకి పాత సిద్ధాంతమే హాయిగా సరిపోతుంది. చిక్కు గొలుసుల ఎపాక్సీకి వచ్చిన 24ను సిలికానుకు అంటగట్టకూడదు. ఏ పదార్థం పొడవు దానిదే. దాన్ని కొలిచి తెలుసుకోవాలి.

మరి మన పత్తిపోగు? పత్తిగింజ తొక్కమీది ఒకే ఒక్క కణం సాగి పోగవుతుంది. దాని గోడలో నానోమీటర్ల మందం గల సెల్యులోజు నూలు పొరలు పొరలుగా, మెలికలుగా చుట్టుకుని ఉంటుంది. కాయ పగిలి ఎండినప్పుడు పోగు చదునై మెలిపడుతుంది. ఆ మెలికల వల్లే పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని దారమవుతాయి. ఇలా పొరలూ మెలికలూ ఉన్న వస్తువుకు ఒకే గుణకం అంటగట్టి ఊరుకోవడం కుదరదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ పత్తినుంచి నానోసెల్యులోజు తీసే ప్రయోగశాల కర్మాగారం నడుపుతోంది. పత్తి నాణ్యతను పరీక్షించే ఆ సంస్థ శాఖ ఒకటి గుంటూరులోనే ఉంది.

సన్నదనం విలువ రైతుకు పుస్తకం చదవకుండానే తెలుసు. పత్తి కొనుగోలులో పోగు పొడవుతోపాటు 'మైక్రొనేర్' అనే అంకెను కూడా చూస్తారు. అంగుళం పొడవు పోగు ఎన్ని మైక్రోగ్రాములు తూగుతుందో అది చెబుతుంది. కొంత దూదిని కూరి దానిలోంచి గాలి పంపి కొలుస్తారు. పోగులు సన్నమైతే గాలికి ఆటంకం ఎక్కువ. కంటికి ఆనని కొన్ని మైక్రోమీటర్ల తేడా మీద ఒక కుటుంబం ఏడాది కష్టానికి వచ్చే ధర ఆధారపడుతుంది.

ఈ శాస్త్రం ఇంకా పూర్తికాలేదు. ఏ పదార్థానికి ఏ సిద్ధాంతం తగునో, దాని సొంత పొడవు ఎంతో చాలావాటికి ఇంకా కొలవవలసే ఉంది. సూత్రాలు రాసినవారు ఎక్కువ, ఓపికగా కొలిచినవారు తక్కువ. కాబట్టి మీకు పని మిగిలే ఉంది!

అందాకా ఒక లెక్క చేయండి. ఒక ఎపాక్సీ పట్టీ పాత లెక్కకన్నా సరిగ్గా రెండు రెట్లు బిరుసుగా ఉండాలంటే దాని మందం ఎంత ఉండాలి? ఐదు రెట్లు ఉండాలంటే? జవాబులు మీ నోటుపుస్తకంలో వేసుకుని పైన చెప్పిన సూత్రంతో సరిచూసుకోండి. తరువాత దూదిపోగును మరోసారి ఊది చూడండి. ఈసారి అది వంగినప్పుడు మీకు కొత్తగా కనిపిస్తుంది.